అందరూ పట్టే చాప: అంగన్‌వాడీ, ప్రీస్కూల్ టీచర్లకు సమగ్ర మార్గదర్శి

"మా సెంటర్లో అందరూ ఒకటేనండీ, నాకు తేడాల్లేవు." సూపర్‌వైజర్ ఎప్పుడొచ్చి అడిగినా నేను గర్వంగా చెప్పిన మాట ఇది. ఆ మాటతో పని జరగదని నాకు నేర్పినవాడి వయసు మూడేళ్ళ నాలుగు నెలలు.

పక్క తండా నుంచి కొత్తగా చేరాడు. రెండు వారాలు వరసగా రోజూ లాగు తడుపుకున్నాడు. అందరినీ అడిగినట్టే వాణ్ణీ గంటకోసారి "ఒంటికి పోతావా నాన్నా?" అని అడిగేదాన్ని. బిక్కమొహం వేసుకుని చూసేవాడు. "ఇంట్లో అలవాటు చెయ్యలేదు టీచర్" అని ఆయా, "ఇంకా చిన్నోడులే" అని నేను. ఒకరోజు మధ్యాహ్నమే వాళ్ళ నాయనమ్మ వచ్చింది. నేను అడగడం, వాడు తెల్లబోయి చూడటం గమనించి, లంబాడీలో ఒక్క మాట అంది. వాడు చటుక్కున లేచి బయటికి పరుగెత్తాడు. ఆ మాట ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ వారం నుంచి మారు లాగుల మూట విప్పే పని దాదాపు తప్పింది.

అందరికీ ఒకే చాప, ఒకే గుడ్డు, ఒకే ప్రశ్న. ఆ ప్రశ్న మిగతా పిల్లలందరికీ అర్థమైంది, వాడికి కాలేదు. అందరికీ ఒకేలా ఇస్తే నా చేతికి సులువు. కానీ అది పిల్లాడి దాకా వెళ్ళిందా లేదా అన్నది వేరే లెక్క. ఈ గైడ్ అంతా ఆ రెండో లెక్క గురించే.

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) మన దేశంలో 1975 అక్టోబర్ 2న మొదలైంది. ఇవాళ తెలంగాణలో 35 వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. అంగన్ అంటే వాకిలి, ముంగిలి. మహారాష్ట్రలో తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ ఆదివాసీ పిల్లలతో పనిచేస్తున్నప్పుడు పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిట్లోకి తీసుకెళ్ళారు. పిల్లాడు మారేదాకా ఆగకుండా బడే జరిగి వచ్చింది. మన పేరులోనే ఆ ఆలోచన ఉంది, మనమే మర్చిపోతుంటాం. ప్రైవేటు ప్లేస్కూల్లో పనిచేసే వాళ్ళకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది, ఫీజు కట్టే పిల్లల్లోనూ ఈ తేడాలన్నీ ఉంటాయి కనుక.

అడుగు 1: ముందు మీ కళ్ళను లెక్కపెట్టండి

పిల్లల సంగతి తర్వాత. మీరు ఎవరి వైపు ఎక్కువ చూస్తున్నారో ముందు తెలియాలి. "నేను అందరినీ చూస్తాను" అని మనసు చెబుతుంది. మనసు మాట నమ్మకండి, చింతగింజల మాట నమ్మండి.

పిల్లలెంతమందో అన్ని ఖాళీ అగ్గిపెట్టెలు పోగెయ్యండి. ఒక్కో పెట్టె మీద ఒక్కో పిల్ల గుర్తు అతికించండి: ఆకు, పిల్లి, గొడుగు, బస్సు. ఆయాను ఓ మూల కూర్చోబెట్టి ఒక గిన్నెలో చింతగింజలు, ఇంకో గిన్నెలో కుంకుడు గింజలు ఇవ్వండి. మీరు ఒక బిడ్డను పేరుతో పిలిచినా, మెచ్చుకున్నా, ప్రశ్న అడిగినా, ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా ఆ పెట్టెలో ఒక చింతగింజ. కసిరితే, "కూర్చో" అని అరిస్తే కుంకుడు గింజ. రోజుకు గంట చొప్పున వారం రోజులు. ఆయాకు వంట పని తెమలకపోతే ఫోన్‌ను కిటికీలో పెట్టి అరగంట వీడియో తీసుకుని రాత్రి మీరే లెక్కపెట్టుకోండి. లెక్కయ్యాక వీడియో తీసెయ్యండి, ఎవరికీ పంపకండి.

మొదటిసారి మా పెట్టెలు తెరిచిన శనివారం నాకు నిజంగా తల తిరిగింది. ముందు వరసలో కూర్చుని గడగడా మాట్లాడే, ఉతికిన బట్టలేసుకొచ్చే ముగ్గురి పెట్టెలు మూత పడలేదు. వెనక గోడ పక్కన కూర్చునే నలుగురి పెట్టెల్లో ఉన్న కొన్ని గింజలూ కుంకుడువే. ఆ నలుగురూ ఒకే వాడ పిల్లలు. వాళ్ళను అక్కడ కూర్చోమని నేనెప్పుడూ చెప్పలేదు. పొద్దున ముందొచ్చిన పిల్లల తల్లులు తమ వాళ్ళను ముందు కూర్చోబెట్టి వెళ్ళేవారు, మిగిలిన చోటు వీళ్ళకు మిగిలేది. నేను ఏమీ చెప్పకపోవడం వల్లే ఊళ్ళో ఉన్న గీత మా చాప మీదికి వచ్చి కూర్చుంది.

చేసింది చిన్న పనే. చాప మీద సుద్దతో గుర్తులు గీశాను. సోమవారం పొద్దున గుర్తులు మార్చేస్తాను. ఎవరి గుర్తు ఎక్కడుంటే వాళ్ళక్కడ. మొదటి వారం ఒకరిద్దరు తల్లులు గొణిగారు, మూడో వారానికి పిల్లలే గుర్తులు వెతుక్కోవడం ఆటగా చేసుకున్నారు.

అడుగు 2: పేరు

చేరిన రోజు తల్లిని మూడు అడగండి. పూర్తి పేరేంటి? ఇంట్లో ఏమని పిలుస్తారు? మీరొకసారి పలికి వినిపిస్తారా? విన్నది విన్నట్టు తెలుగులో మీ నోట్‌బుక్‌లో రాసుకోండి. హాజరు పిలిచేటప్పుడు "షేక్", "రాథోడ్" అని ఇంటిపేరుతో సరిపెట్టకండి. ఒకే గదిలో ముగ్గురు షేక్‌లుంటే ముగ్గురూ ఒకేసారి తలెత్తి చూస్తారు, ముగ్గురిలో ఎవరినీ పిలిచినట్టు కాదు.

నల్లోడు, బక్కోడు, నత్తోడు, మొద్దు, బుడ్డది. ఇవి మనం ముద్దుకే అంటాం. ఇంట్లో తాత అంటే ముద్దు, గదిలో టీచర్ అంటే పిల్లలందరూ అందుకునే పేరు. మీ నోటి నుంచి ఒక్కసారి జారితే సాయంత్రానికి వాడ మొత్తం అదే పిలుపు.

సర్వే రిజిస్టర్లో కులం కాలమ్ ఉంటుంది, నింపక తప్పదు. దాన్ని ఇంటి దగ్గరో, తల్లిని పక్కకు పిలిచో అడిగి నింపండి. "ఎస్సీలు ఎవరు, ఎస్టీలు ఎవరు, చేతులెత్తండి" అని పిల్లల ముందు అడిగే టీచర్లు ఇంకా ఉన్నారు. మూడేళ్ళ బిడ్డకు ఆ మాటకు అర్థం తెలియదు. చెయ్యెత్తినప్పుడు పక్కవాళ్ళు చూసే చూపు మాత్రం తెలుస్తుంది.

"మీ నాన్న ఏం చేస్తాడు?" అన్నది కూడా వదిలెయ్యండి. గల్ఫ్‌కు పోయి మూడేళ్ళుగా కనిపించని నాన్న, చనిపోయిన నాన్న, అసలు ఇంట్లో ఆ పేరే ఎత్తని నాన్న, ఇన్ని రకాలుంటారు. "ఇవాళ నీకు తల ఎవరు దువ్వారు?" అని అడగండి. ప్రతి బిడ్డకూ దానికి ఏదో ఒక జవాబుంటుంది. ఒక్కోసారి "నేనే" అంటారు, ఆ జవాబు రాసిపెట్టుకోవాల్సిందే.

అడుగు 3: ఇంటి భాష

అన్నిటికంటే ఎక్కువ శ్రమ ఇక్కడ పెట్టమంటాను. మన రెండు రాష్ట్రాల్లో తెలుగుతో పాటు గోండి, కోయ, కొలామీ, సవర, కువి, లంబాడీ, ఉర్దూ, ఒడియా ఇళ్ళలో పెరిగే పిల్లలున్నారు. మా సెంటర్‌కు ఇటుక బట్టీల సీజన్లో పశ్చిమ ఒడిశా పిల్లలొస్తారు. ఒక్క టీచర్ ఇన్ని భాషలు నేర్చుకోలేదు. నేర్చుకోనక్కర్లేదు కూడా. పన్నెండు మాటలు చాలు.

నీళ్ళు, ఆకలి, ఒంటికి, దొడ్డికి, నొప్పి, అమ్మ, నిద్ర, భయం, చాలు, ఇంకా కావాలి, రా, వద్దు.

ఈ పన్నెండూ ప్రతి ఇంటి భాషలో తల్లి గొంతుతో ఫోన్లో రికార్డు చేసుకోండి. తర్వాత తెలుగు లిపిలో చార్టు రాసి, పిల్లల ఎత్తులో కాకుండా మీ కంటి ఎత్తులో గోడకు అంటించండి, అది మీ పాఠం కనుక. లంబాడీలో అమ్మను యాడి అంటారు. గోండిలో నీళ్ళను ఏర్ అంటారు. మనం ఏరు అంటే పారే వాగు, వాళ్ళకు తాగే నీళ్ళు. ఇది చెప్పినప్పుడు మా పిల్లలు "ఏరు తాగుతారా!" అని పడి పడి నవ్వారు. ఆ నవ్వులో వెక్కిరింత లేదు. ఆ రోజంతా అందరూ నీళ్ళకు ఏర్ అనే అడిగారు.

కథ చెప్పేటప్పుడు కథంతా తెలుగులోనే నడపండి, కీలకమైన నాలుగు మాటలు మాత్రం రెండు భాషల్లోనూ చెప్పండి. తెలుగు రాని బిడ్డ ఆ నాలుగు మాటలు పట్టుకుని మిగతా కథలోకి దిగుతుంది. నెలకోసారి జరిపే ఈసీసీఈ డే (చిన్నపిల్లల సంరక్షణ, విద్య రోజు) నాడు ఒక నాయనమ్మనో అమ్మమ్మనో పిలిచి వాళ్ళ భాషలోనే ఒక కథ చెప్పించండి. తెలుగు పిల్లలకు అర్థం కాకపోతే ఏమవుతుంది? పది నిమిషాలు అర్థం కాకుండా కూర్చోవడం ఎలా ఉంటుందో వాళ్ళకూ తెలుస్తుంది. అంతకంటే ముఖ్యం, ఆ నాయనమ్మ మనవడు ఆ పది నిమిషాలూ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసినవాడు.

కొత్త భాషలోకి వచ్చిన పిల్లలు కొందరు వారాలు, ఒక్కోసారి నెలలు నోరు విప్పరు. వింటూ ఉంటారు, లోపల పోగేసుకుంటూ ఉంటారు. వాళ్ళకు "మూగోడు" అని ముద్ర వెయ్యకండి, "చెప్పు, చెప్పు" అని నిలబెట్టి అడగకండి. చేత్తో చూపించి చెప్పే పనులివ్వండి. అయితే ఇంటి భాషలో కూడా మాట్లాడటం లేదని తల్లి చెబితే అది వేరే సంగతి. దాని గురించి అడుగు 7లో.

తెలుగు పిల్లల యాసల మీద కూడా మన చెయ్యి కాస్త గట్టిగానే పడుతుంది. "అట్ల కాదు, అలా అనాలి" అని నేను ఎన్నేళ్ళు దిద్దానో. ఆ బిడ్డ అన్నది తప్పు కాదు, వాళ్ళమ్మ మాట. మీరు మీ మాటలో తిరిగి చెప్పండి, దిద్దకండి. "టీచర్, నీళ్ళు గావాలె" అంటే "నీళ్ళు కావాలా, ఇదిగో తాగు". రెండూ విన్న బిడ్డకు రెండూ వస్తాయి.

"ఇంగ్లిష్ చెప్పకుండా ఈ లంబాడీ, గోండి ఎందుకు టీచర్?" అని తండ్రులు అడుగుతారు. కోప్పడకండి, వాళ్ళ టెన్షన్ న్యాయమైనదే. నేను చెప్పేది ఇది: ఒక భాషలో బాగా ఆలోచించడం వచ్చిన పిల్లాడికి రెండోది అందుకోవడం సులువు, మొదటిదే వంగిపోతే రెండోది దేనిమీద నిలబడాలి? పైవాళ్ళ కాగితం కావాలంటే అదీ ఉంది. 2020 జాతీయ విద్యా విధానం వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమంటోంది. మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం 2022లో వచ్చిన పాఠ్యప్రణాళిక చట్రమూ అదే అంటోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000ల దశకంలోనే గిరిజన భాషల్లో, తెలుగు లిపిలో, వాచకాలు వేశారు. కొత్త సంగతేం కాదు.

అడుగు 4: అన్నం దగ్గర

కులం పిల్లల కళ్ళకు కనిపించే చోటు కంచం. అక్కడ మీరు చేసేదే పాఠం, మిగతాదంతా మాటలు.

కంచాలన్నీ ఒకే రకంగా ఉండాలి, ఇంటి నుంచి తెచ్చిన ప్రత్యేక కంచం వద్దు. అలర్జీ లాంటి ఆరోగ్య కారణమైతే తప్ప. కూర్చోవడం సుద్ద గుర్తుల ప్రకారమే. వడ్డించే పనిలో పిల్లలకు వంతులు వెయ్యండి: ఇవాళ ఆకు, రేపు పిల్లి, ఎల్లుండి గొడుగు. వంతు అందరికీ రావాలి. గుడ్లు పంచే పని ఎప్పుడూ ఒకే ముగ్గురిదీ, కంచాలు తీసే పని ఎప్పుడూ వేరే ముగ్గురిదీ అయిందంటే ఆ పిల్లలకు మీరు ఏమీ చెప్పకుండానే అంతా చెప్పేసినట్టు.

నాకు తగిలిన పెద్ద పరీక్ష వేరు. కొత్తగా వచ్చిన ఆయా దళిత కుటుంబం మనిషి. రెండో రోజు నుంచి అయిదుగురు పిల్లలు అన్నం వేళకు ముందే ఇంటికి పోవడం మొదలైంది. ఎవరూ ఏమీ అనలేదు. "కడుపులో బాగాలేదంట", "మేనమామ వచ్చాడంట". మూడు రోజులు తెలియనట్టు నటించాను, అది నా తప్పు. నాలుగో రోజు ఆ ఇళ్ళకు ఒక్కదాన్నే వెళ్ళాను. పంచాయితీ పెట్టలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. "వదినా, రేపు మధ్యాహ్నం సెంటర్‌కి రా, కలిసి తిందాం" అన్నాను. ఒకావిడ మొహమాటానికి వచ్చింది. ఆయా వడ్డించింది, పిల్లల మధ్య కూర్చుని మొదటి ముద్ద నేను తిన్నాను, తర్వాత ఆవిడ. ముగ్గురు పిల్లలు ఆ వారంలో వెనక్కొచ్చారు. ఇంకొకరు నెల పట్టారు. ఒక కుటుంబం పిల్లను ప్రైవేటు స్కూల్లో వేసేసింది, దాని గురించి నేను చెయ్యగలిగింది లేకపోయింది.

మెత్తగా మాట్లాడటానికి హద్దుంది. ఆయాను మార్చమని ఎవరైనా అడిగితే అక్కడ బేరం లేదు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసింది, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. ఆ మాట అన్నవాళ్ళ పేరు, తేదీ రాసి సూపర్‌వైజర్‌కు, ఆ పైన ఉండే ప్రాజెక్టు అధికారికి (సీడీపీవో) రాతపూర్వకంగా ఇవ్వండి. ఆయాను కూర్చోబెట్టి "నీ వెనక నేనున్నాను" అని నోటితో చెప్పండి. ఆవిడకు ఆ మాట వినబడాలి.

గుడ్డు తినని ఇళ్ళుంటాయి. ముందే అడిగి రాసుకోండి. తినే పిల్లల ముందు "వాళ్ళు గుడ్డు తింటారు, ఛీ" అనే మాట రాకూడదు, తినని బిడ్డకు "ఒక్క ముక్క తిను, ఏం కాదు" అనే ఒత్తిడీ ఉండకూడదు. మాంసం సంగతీ అంతే. ఇంట్లో ఏం తిన్నావని అడిగితే పిల్లలు నిజం చెబుతారు. ఎవరు ఏం చెప్పినా మీ మొహంలో ఒకే రంగు ఉండాలి. అద్దం ముందు కాస్త సాధన చెయ్యండి, నవ్వులాటకు అనడం లేదు.

అడుగు 5: రంగు, బొమ్మలు, భారతమాత

క్రేయాన్ల డబ్బాలో లేత గులాబీ రంగును మా పిల్లలు "స్కిన్ కలర్" అనేవాళ్ళు. ఎవరు నేర్పారో తెలియదు, మేమే అయ్యుంటాం. గదిలో ఆ రంగు చర్మం ఒక్కరికీ లేదు. అందరూ అమ్మ బొమ్మకు అదే వేసేవారు.

దీనికి ఓ పొద్దుటి పని ఉంది. ఎర్రమట్టి, నల్లరేగడి, పసుపు, కాఫీ పొడి, సున్నం, కొంచెం బంక, నీళ్ళు. ఒక చిన్న అద్దం. ప్రతి బిడ్డా తన చేతి రంగు వచ్చేదాకా కలుపుకోవాలి. ఎవరికీ ఒక్క డబ్బాలోంచి రాదు, అందరూ కలపాల్సిందే. "నాది కాఫీ, కొంచెం ఎర్రమట్టి", "నాది ఎక్కువ కాఫీ, కొంచెం పసుపు" అని వంటలా చెప్పుకుంటారు. ఆ తర్వాత "స్కిన్ కలర్ ఇవ్వు" అని ఎవరైనా అంటే పక్కవాడే "ఎవరిది?" అని అడుగుతాడు.

బొమ్మల బుట్ట కూడా ఒకసారి బోర్లించి చూడండి. అన్నీ గులాబీ రంగు ప్లాస్టిక్ పాపలైతే, పాత నల్లగుడ్డ, గోధుమ రంగు గుడ్డతో రెండు బొమ్మలు కుట్టించండి. గోడ మీది బొమ్మల్లో చీర కట్టిన అమ్మ, పంచె కట్టిన తాత మాత్రమే ఉన్నారా? బుర్ఖా వేసుకున్న అమ్మ, లంబాడీ పేటియా (పావడా) కట్టుకున్న నాయనమ్మ, చక్రాల కుర్చీలో మామయ్య, కల్లు గీసే నాన్న ఉన్నారా? కొనక్కర్లేదు. తల్లిదండ్రుల్ని వాళ్ళ పని చేసే చోట ఫొటో తీసి, వాళ్ళు సరేనంటే, ప్రింటు వేసి అంటించండి.

ఇక ఆగస్టు 15. భారతమాత వేషం ఎవరికి? చెప్పక్కర్లేదు, మీకూ తెలుసు. ఏటా తెల్లగా, జుట్టు పొడుగ్గా ఉన్న అమ్మాయికి. కృష్ణాష్టమికి కృష్ణుడు నల్లనివాడని పాటలు పాడి మరీ తెల్ల పిల్లాడికి నీలం రంగు పూస్తాం. మేమిప్పుడు చీటీలు తీస్తున్నాం. ఆడపిల్లలందరి పేర్లూ డబ్బాలో వేసి, పిల్లల్లోనే ఒకరు తీస్తారు. మొదటి ఏడు చీటీ వచ్చిన పాప వాళ్ళమ్మ "మా పిల్లకా?" అని రెండుసార్లు అడిగింది. వేషం బట్టలు ఎవరూ కొనకూడదు, సెంటర్లో ఒక జత ఉంటుంది. అదే పెట్టె, అదే కిరీటం.

అడుగు 6: ఆడపిల్ల, మగపిల్లాడు

దీన్ని తొందరగా ముగిస్తాను, మీకు తెలిసినవే. ఆడ లైను, మగ లైను వద్దు, గుర్తుల లైను చాలు. చీపురు ఆడపిల్ల చేతికి, కుర్చీ మోసే పని మగపిల్లాడికి ఇవ్వడం ఆపండి. "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అన్న మాటలో ఇద్దర్నీ తిట్టాం. వంటింటి ఆటలో మగపిల్లలు రొట్టెలు చేస్తుంటే ఫొటో తీసి నవ్వుకోకండి. మామూలు పనిలా "నాకూ ఒకటి పెట్టు" అని చెయ్యి చాపండి.

అడుగు 7: వెనకబడ్డట్టు కనిపించే బిడ్డ

పేరు పిలిస్తే తిరగని బిడ్డ, వస్తువును కంటికి మరీ దగ్గరగా పెట్టుకుని చూసే బిడ్డ, ఇంటి భాషలో కూడా మాట రాని బిడ్డ, మెట్టు ఎక్కలేని బిడ్డ. "పెరిగితే అదే వస్తుంది" అని ఊరంతా అంటుంది. వస్తే సంతోషమే, రాకపోతే ఆ ఏళ్ళు తిరిగి రావు.

ముందు రెండు వారాలు రాయండి. "సరిగ్గా వినడు" అని రాయకండి. "వెనక నుంచి గిన్నె మోగించాను, తిరగలేదు. ముందు నుంచి చెయ్యి ఊపితే నవ్వాడు" అని రాయండి. రోగం పేరు మీరు పెట్టకండి, అది మన పని కాదు. తర్వాత తల్లితో ఒంటరిగా మాట్లాడండి, అత్త ముందు కాదు. "మీ వాడిలో లోపం ఉంది" అని మొదలుపెడితే ఆవిడ చెవులు అక్కడితో మూసుకుపోతాయి. నేను ఇలా మొదలుపెడతాను: "అమ్మా, వాడు బ్లాకులు భలే పేరుస్తాడు. ఒకటి అడగాలి, ఇంట్లో వెనక నుంచి పిలిస్తే పలుకుతాడా?" చాలాసార్లు తల్లికి ముందే తెలుసు. ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తూ ఉంటుంది.

2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూడాలి. ఆ రోజు మీ నోట్‌బుక్ చేతిలో పెట్టుకుని ఆ బిడ్డను ముందు చూపించండి. బృందం వచ్చేదాకా ఆగలేని పరిస్థితైతే ఏఎన్ఎం, ఆశా ద్వారా పంపండి. పెద్ద ఆసుపత్రిలో ఇలాంటి పిల్లల్ని చూసే డీఈఐసీ అనే ప్రత్యేక విభాగానికి వెళ్ళాలని కాగితం మీద రాసివ్వండి, మాటగా చెబితే బస్సెక్కేలోగా మర్చిపోతారు. 2023 నవంబర్‌లో కేంద్రం దివ్యాంగ పిల్లల కోసం అంగన్‌వాడీలకు ఒక ప్రోటోకాల్ విడుదల చేసింది: గుర్తించడం, మిగతా పిల్లలతో కలిపి ఉంచడం, అవసరమైన చోటికి పంపడం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, కనిపించనివీ అందులో ఉన్నాయి.

గదిలో చేసే మార్పులు చిన్నవి. వినికిడి తక్కువైన బిడ్డను మీ మొహం కనిపించేలా, వెలుతురు మీ మొహం మీద పడేలా కూర్చోబెట్టండి. కదలడం కష్టమైన బిడ్డ ఉంటే ఆ రోజు అందరూ కూర్చుని ఆడే బంతాట పెట్టండి, ఆ బిడ్డను చప్పట్లు కొట్టడానికి మాత్రమే కూర్చోబెట్టకండి. గోలకు చెవులు మూసుకునే బిడ్డకు ఒక మూల, ఒక దుప్పటి ఇవ్వండి. అది శిక్ష మూల కాదని అందరికీ తెలియడానికి మీరూ ఒకసారి వెళ్ళి అక్కడ కూర్చోండి. నేను కూర్చుంటాను, మధ్యాహ్నం మూడింటికి నాకే అవసరం పడుతుంది.

అడుగు 8: తల్లిదండ్రులు

"ఈ తల్లులకు పిల్లల చదువు పట్టదు" అనే మాట మన మీటింగుల్లో వినిపిస్తుంది. మీటింగు ఎన్నింటికి పెట్టారు? పదకొండింటికి పెడితే కూలికెళ్ళే తల్లి రావాలంటే ఆ రోజు కూలి పోతుంది. మేం నెలకొకటి పొద్దు గూకాక వాడలో ఎవరి అరుగు మీదైనా పెడతాం. వాడ మారుతుంది. సెంటర్‌కు రమ్మంటే రాని తండ్రులు అక్కడ బీడీ పక్కన పెట్టి కూర్చుంటారు.

వాట్సాప్ గ్రూపులో రాసి పంపేస్తే అందరికీ చెప్పినట్టు కాదు. సగం మందికి చదవడం రాదు, ఫోన్ భర్త జేబులో ఉంటుంది. వాయిస్ మెసేజ్ పెట్టండి, అది కూడా చేరని ఇళ్ళ పేర్లు రాసుకుని ఆయాతో నోటిమాట పంపండి.

బట్టీల పిల్లల విషయంలో ఒకటి గట్టిగా చెబుతాను. "ఆరునెల్లు ఉండి పోయేవాళ్ళు, ఆధార్ లేదు" అని వెనక్కి పంపకండి. మనం పిల్లల వివరాలెక్కించే పోషణ్ ట్రాకర్ యాప్‌లో వలస వచ్చినవాళ్ళను చేర్చుకునే వెసులుబాటు ఉంది. కాగితాలు కుదిరేలోగా బిడ్డను చాప మీద కూర్చోబెట్టండి. వెళ్ళేటప్పుడు బరువు, టీకాలు, వచ్చిన మాటలు ఒక కార్డు మీద రాసి తల్లి చేతికివ్వండి, అక్కడి టీచర్‌కు మీరు రాసిన ఉత్తరం అనుకోండి.

పుట్టినరోజు చాక్లెట్లు కూడా మాకు తలనొప్పే. ఒకరు పెద్దవి, ఒకరు చిన్నవి, ఒకరు అసలు తేలేరు, ఆ రోజు బడికే రారు. ఇప్పుడు పుట్టినరోజు బిడ్డకు ఆ రోజు గుడ్లు పంచే హక్కు, పాట ఎంచుకునే హక్కు. చాక్లెట్లు వద్దని చెప్పేశాం.

పండగల గురించి ఒక మాట. బతుకమ్మకు పూలు, రంజాన్‌కు సేమ్యా, క్రిస్మస్‌కు స్టార్, తండా వాళ్ళ తీజ్‌కు బుట్టలో మొలకెత్తిన గోధుమలు, అన్నీ బాగానే ఉంటాయి. కానీ ఏడాదికోసారి టోపీ పెట్టి ఫొటో తీసి, మిగతా 364 రోజులు ఆ బిడ్డ పేరు తప్పు పలికితే అది ఎవరి కోసం చేసినట్టు? పండగ గురించి మీరు చెప్పకండి, ఆ ఇంటి మనిషిని పిలవండి.

అడుగు 9: పిల్లలు అనేసిన మాటలు

నాలుగేళ్ళ పిల్లలు గట్టిగా, అందరి ముందూ అడుగుతారు. మనం "ష్! అలా అనకూడదు" అంటాం. దాంతో అది సిగ్గుపడాల్సిన విషయమని ఇద్దరికీ అర్థమవుతుంది. నా దగ్గర సిద్ధంగా ఉంచుకున్న జవాబులు ఇవి, మీ మాటల్లోకి మార్చుకోండి.

"టీచర్, వీడెందుకు ఇంత నల్లగా ఉన్నాడు?" అని అడిగితే: "మన చర్మంలో ఒక రంగు ఉంటుంది. కొందరికి ఎక్కువ, కొందరికి తక్కువ. వాడికి వాళ్ళమ్మా నాన్నల రంగొచ్చింది, నీకు మీ వాళ్ళది." ఆ తర్వాత ఇద్దరూ చేతులు పక్కపక్కన పెట్టి చూసుకోవాలనుకుంటే చూసుకోనివ్వండి.

"వాళ్ళతో ఆడొద్దని మా నానమ్మ చెప్పింది." నానమ్మను తప్పు పట్టకండి, బిడ్డ ఇద్దరి మధ్య నలిగిపోతుంది. "ఇక్కడ అందరం కలిసే ఆడతాం, ఇది మన సెంటర్ పద్ధతి" అని చెప్పి అక్కడితో ఆపండి. సాయంత్రం నానమ్మ ఇంటికి వెళ్ళాల్సింది మీరు.

"నువ్వు రావద్దు, నీ దగ్గర వాసన." ఇక్కడ మొదట మాటలు పడ్డ బిడ్డ దగ్గరికి వెళ్ళండి, అన్న బిడ్డ దగ్గరికి కాదు. "ఆ మాట నీకు బాధేసింది కదా" అనండి. ఆ తర్వాతే రెండో బిడ్డతో, చెవి దగ్గర, నెమ్మదిగా: "ఆ మాట దెబ్బలాంటిది. ఇప్పుడు ఏం చేద్దాం?" బలవంతపు సారీలు చెప్పించకండి. ఆ పూట ఇద్దరికీ కలిపి ఒకే పని ఇవ్వండి, చెట్టుకు నీళ్ళు పోయడం లాంటిది. ఇంటి దగ్గర నీళ్ళు దొరకడం కష్టమైన బిడ్డ అయితే, పొద్దున అందరూ మొహం, చేతులు కడుక్కునే పనిని సెంటర్ కార్యక్రమంలోనే పెట్టెయ్యండి. ఆ ఒక్క బిడ్డనే కడుక్కోమని పంపకండి.

అడుగు 10: జనవరిలో మళ్ళీ అగ్గిపెట్టెలు

జూన్‌లో చేసిన లెక్క జనవరికి పనికిరాదు. పిల్లలు మారతారు, మన అలవాట్లు వేరే దారిలో తిరిగొస్తాయి. మళ్ళీ వారం రోజులు గింజలు వెయ్యండి, ఈసారి ఆయాను కూడా లెక్కలో పెట్టండి, ఆవిడ గింజలు మీరు వెయ్యండి.

మొన్న మేం పెట్టెలు తెరిచాం. గోడ పక్క నలుగురివీ బాగానే నిండాయి. తండా పిల్లాడిది మూత పడలేదు, వాడిప్పుడు లంబాడీలోనూ తెలుగులోనూ నన్నే దబాయిస్తున్నాడు. రెండే గింజలున్న పెట్టె ఒకటి దొరికింది. కిరాణా షాపు వాళ్ళ అబ్బాయిది. శుభ్రంగా వస్తాడు, ఏడవడు, గొడవ చెయ్యడు, చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. వారం మొత్తంలో వాణ్ణి నేను రెండుసార్లు పలకరించాను. సోమవారం సుద్ద గుర్తులు మార్చేటప్పుడు గొడుగు గుర్తు నా పక్కన గీసుకున్నాను.